రంగస్థలముపై గర్భవతి

కొన్ని సంవత్సరముల క్రిందట యానాము ప్రాంతమున ఒక పాఠశాల వార్షికోత్సవమునకు నేను పోయియుంటిని. గౌతమి మీదుగా సాయంకాలపు గాలి వీచుచున్నది. పందిరిక్రింద పిల్లలు వరుసలుగా కూర్చుండిరి. ప్రార్థనాగీతము పాడవలసిన ఉపాధ్యాయిని ఆరునెలల గర్భవతి. కార్యక్రమ మారంభమగుటకు ముందు పెద్దలొకరు ఆమెను ప్రక్కకు పిలిచి, "ఇప్పుడెందుకమ్మా నీకీ శ్రమ? ఇంకెవరిచేతనైనా పాడిద్దాంలే" అనిరి. ఆ మాటలో కోపము లేదు, దయయే ఉన్నది. ఆమె ఒక్క క్షణమాగి, "రోజూ అయిదు గంటలు నల్లబల్ల దగ్గర నిలబడుతున్నానండి. అప్పుడు శ్రమని ఎవరూ అనలేదు" అన్నది. ఆయన మారుమాటాడలేదు. ఆమె పాడనూ లేదు. ఆనాటి ప్రార్థనను తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పాడినది. బాగుగనే పాడినది. కాని నా మనస్సు ఆ పాటయందు నిలువలేదు.

ఆ పెద్దమనిషి దుర్మార్గుడు కాడు. ఆయన స్థానమున మనలో పలువురము అట్లే పలికియుందుము. అందుచేతనే ఈ విషయమును కొంచెము నిదానముగా పరిశీలింపవలసి యున్నది. గర్భవతియైన స్త్రీ వేదిక నెక్కి పాడినను, ఆడినను, నటించినను మనకు కలుగు ఆ ఇబ్బంది ఎక్కడనుండి వచ్చుచున్నది? అది ఆమె క్షేమము కొరకైన ఆందోళనయా? లేక మన కన్నుల అసౌకర్యమునకు మనము తొడిగిన మంచి పేరా?

శ్రమయే కారణమైనచో మన గోదావరి మండలమున చూడవలసిన శ్రమ చాల ఉన్నది. ఊడ్పుల కాలమున మోకాలి లోతు బురదలో నడుము వంచి నాట్లు వేయు కూలి స్త్రీలలో గర్భవతులు లేరా? తెల్లవారకమునుపే చేపల గంపను నెత్తికెత్తుకొని సంతకు నడచు తల్లులలో లేరా? ఇటుకలు మోయువారిలో లేరా? వారిని చూచి, "అమ్మా, ఈ పని నీకు తగదు" అని వారించి, ఆనాటి కూలిని చేతిలో పెట్టి ఇంటికి పంపిన పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు. దినమంతయు నడుము వంచుట మనకు శ్రమగా తోచదు. పది నిమిషములు నిలువబడి పాడుట మాత్రము శ్రమగా తోచును. కనుక మన అభ్యంతరము శ్రమకు సంబంధించినది కాదని తేలుచున్నది.

పోనీ, గర్భవతి నలుగురి కంట పడరాదను భావమే కారణమనుకొందమా? అదియు పూర్తిగా సరిపోదు. సీమంతమునాడు మనము చేయునదేమి? పట్టుచీర కట్టి, పూలజడ వేసి, చేతులనిండ గాజులు తొడిగి, ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి ఇరుగుపొరుగు వారిని పిలిచి చూపుదుము. పాటలు పాడుదుము. హారతి ఇత్తుము. అది శుభము. భేదమంతయు ఒక్కచోట నున్నది. సీమంతమున ఆమె కదలక కూర్చుండును, పాడువారు ఇతరులు. వేదికపైన ఆమెయే పాడును, కూర్చుండువారము మనము. గర్భవతిని మనము అలంకరించుట కిష్టపడుదుము గాని, ఆమె తన విద్యను తాను ప్రదర్శించుట కిష్టపడము. మాతృత్వము కలిగినంతనే ఆమెకు మునుపున్న గొంతు, విద్య, వృత్తి అన్నియు తాత్కాలికముగా చెల్లనివైనట్లు భావింతుము.

వింత యేమనగా, మన నాటకసాహిత్యమున మిక్కిలి కన్నీరు తెప్పించు ఘట్టములు గర్భవతులవే. కాళిదాసు శకుంతల దుష్యంతుని కొలువున నిలిచినది గర్భవతిగానే. ఆ నాటకమును రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగము పంతులుగారు తెనిగించిన నాటినుండి తెలుగువారు ఎంతో ఆదరముతో చదివిరి. భవభూతి ఉత్తరరామచరితమున అడవికి పంపబడు సీత నిండుచూలాలు. ఈ సీతకథనే 1934లో కాకినాడ వాడైన సి. పుల్లయ్యగారు 'లవకుశ' చిత్రముగా తీసిరి. 1963లో ఆ కథనే ఆయనయు, ఆయన కుమారుడు సి. ఎస్. రావుగారును తిరిగి వర్ణచిత్రముగా నిర్మించినప్పుడు సీత పాత్ర ధరించిన అంజలీదేవిగారు మన పెద్దాపురమువారే. ఆ సీతను చూచి తెలుగుదేశమున కంటతడి పెట్టని ఇల్లాలు అరుదు. పాత్ర గర్భవతియైనచో మనకు పూజ్యురాలు. పాత్రధారిణి గర్భవతియైనచో మనకు సంకోచము! ఆ సీతను అడవికి పంపినది లోకాపవాదమే గదా. ఆ అపవాదమును నిందించుచు కన్నీరు కార్చిన మనమే పందిరి వెలుపలికి వచ్చి అట్టి మాటనే మరియొక రూపమున పలుకుచున్నాము.

ఇంకొక ఉదాహరణము ఇంతకంటె మనకు దగ్గరది. తూర్పు గోదావరి కలావంతుల మేళములలో 'గొల్లకలాపము' ప్రసిద్ధమైనది. భాగవతుల రామయ్యగారు రచించిన ఈ కలాపమున గొల్లభామ ఒక బ్రాహ్మణునితో వాదమునకు దిగి, పిండోత్పత్తి క్రమమును వివరించును. గర్భమున జీవి ఏర్పడుట, పెరుగుట, లోకములోనికి వచ్చుట అను విషయములను సభామధ్యమున ఒక స్త్రీ పాత్ర వేదాంతపరముగా చర్చించును. దానిని ఆడి అభినయించినవారు కలావంతుల స్త్రీలు. కూర్చుండి విన్నవారు పండితులు, భూస్వాములు, గృహస్థులు. గర్భమును గూర్చి స్త్రీ వేదికపై పలుకుట మన ప్రాంతమున క్రొత్త కాదనుట కిది చాలును. ఆ కళాకారిణుల జీవితములలో అన్యాయమును, పరాధీనతయు ఉండినవి. అందుచేత వీరేశలింగముగారి వంటి సంస్కర్తలు మేజువాణీలను ఖండించిరి; 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీల అంకితమును నిషేధించు చట్టము వచ్చినది. అన్యాయము పోవలసినదే. కాని దానితోపాటు స్త్రీ వేదిక నెక్కుటయే తప్పను భావము కూడ కొంత మన ఇండ్లలో పాతుకొని పోయినది. ఈనాటి మన సంకోచమునకు వేరొకటి అక్కడ కలదని నా నమ్మకము.

ఆ కాలమున నాటకసమాజములలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు ఆ కళను శిఖరమున నిలిపి 1956లో పద్మశ్రీ పొందిరి. ఆ విద్యకు నమస్కారము. అయితే, 1885లో కడప సీమలోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ప్రారంభించిన నాటకసమాజము వేరొక త్రోవ త్రొక్కినది. కుటుంబములోని స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించిరి. నాటకమే ఇల్లు, ఇల్లే నాటకము అయినచోట పెండ్లిండ్లు, పురుళ్లు అన్నియు తెరవెనుకనే జరుగవలెను గదా. సురభి కమలాబాయిగారి జననమును గూర్చి రంగస్థల లోకమున చెప్పుకొను కథ తెలిసినదే. ఆమె తల్లి వెంకూబాయిగారు దమయంతి పాత్ర నభినయించుచుండగా నొప్పులు వచ్చి బిడ్డ రంగస్థలము మీదనే పుట్టినదట. ప్రేక్షకులు దానిని నాటకములోని భాగముగనే తలచిరట. ఆ బిడ్డయే 1932లో మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి యైనది. లీలావతి ఎవరు? గర్భమున నున్న బిడ్డకు నారదుని ఉపదేశము వినిపించిన తల్లి!

ఈ కథ చెప్పి మురియుట సులభము. నేను మురియలేను. నెలలు నిండిన స్త్రీ నొప్పులు వచ్చువరకు వేషము ధరింపవలసి వచ్చుట కళాభిమానము మాత్రమే కాదు. ఆనాడు నటికి సెలవు లేదనుటయు దానిలో ఉన్నది. గర్భవతిని వేదిక దిగుమనుట ఎంత తప్పో, ఆమెను బలవంతముగా వేదిక నెక్కించుటయు అంత తప్పు. ఈ రెండింటియందును ఆమె ఇష్టమును అడిగినవారు లేరు.

సెలవు సంగతి వచ్చినది గనుక చట్టమును కూడ జ్ఞాపకము చేసికొందము. 1961 నాటి ప్రసూతి సదుపాయ చట్టమును 1973లో సవరించి గుర్రపుస్వారీ, శారీరక విన్యాసములు, ఇతర ప్రదర్శనల కొరకు మనుష్యులను నియమించు సంస్థలకు కూడ వర్తింపజేసిరి. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డల విషయమున జీతముతో కూడిన సెలవు 12 వారములనుండి 26 వారములకు పెరిగినది. కాని తీర్థములలోను, జాతరలలోను రాత్రికింత యని మాట్లాడుకొని వచ్చు రికార్డింగు డాన్సు నర్తకికి ఏ సంస్థ సెలవిచ్చును? ఆమె ఆడని రాత్రి ఆమెకు రాబడి లేని రాత్రి. ఆమెను చూచి, "ఈ స్థితిలో కూడ వచ్చినదా!" అని నవ్వువారు, ఆమె రాకపోయినచో ఆ ఇంట పొయ్యి ఎట్లు వెలుగునో చెప్పరు. మర్యాద బోధించుటకు పూర్వము మనము చేయవలసిన లెక్క ఇది.

ఈ వైఖరి మన ఊరికే పరిమితము కాదు. 2018 ఏప్రిలులో పాకిస్థానులోని లార్కానా సమీపమున ఒక వేడుకలో గర్భవతియైన గాయని కూర్చుండి పాడుచున్నది. నిలువబడి పాడుమని కొందరు పట్టుబట్టిరి. అంతలో తుపాకి ప్రేలినది. ఆమె ప్రాణములు పోయినవి. 2016 డిసెంబరులో మన పంజాబులోని బఠిండా జిల్లాలో పెండ్లివేడుక వేదికపై నృత్యము చేయుచున్న గర్భవతి కూడ ఇట్లే తుపాకిగుండునకు బలియైనది. మన పెద్దమనిషి మృదువైన మాటకును ఆ తుపాకులకును చాల దూరమున్నది, నిజమే. కాని వేదిక మీది స్త్రీ శరీరము తన ఆజ్ఞకు లోబడి యుండవలెనను భావము రెండుచోట్లను ఒక్కటే. ఒకచోట "లేచి నిలువుము" అనును, మరియొకచోట "దిగిపొమ్ము" అనును.

మరియొక ప్రక్క చూడుడు. 1794లో లండనులోని డ్రూరీ లేన్ నాటకశాలలో సారా సిడన్స్ అను మహానటి గర్భవతిగా నుండియే లేడీ మాక్బెత్ పాత్రను ధరించినది. ఆ వేసవిలోనే ఆమెకు కుమార్తె కలిగినది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒక మహా క్రీడోత్సవమున రిహానా యను గాయని గర్భవతిగా పాడగా కోట్లాది ప్రజలు చూచిరి. ఆ దృశ్యమును మన పిల్లలు చేతిలోని ఫోనులలో చూచియే యుందురు. పరదేశపు గాయని పాడినచో మెచ్చుకొనుటయు, మన బడిలోని పంతులమ్మ పాడినచో ముఖము త్రిప్పుకొనుటయు ఒకే ఇంట జరుగుచున్నవి.

వైద్యుల హెచ్చరికలను త్రోసివేయుమని నేననను. కొందరికి విశ్రాంతి అత్యవసరము. ఎగిరి దుమికెడు నృత్యము కొన్ని నెలలలో కొందరికి ప్రమాదకరము. రాత్రులు మేల్కొనుట, దూరప్రయాణము, పెద్ద చప్పుడు మంచివి కాకపోవచ్చును. ఇవన్నియు విచారింపవలసినవే. విచారింపవలసినవారు ఆమెయు, ఆమె వైద్యులును. పందిరిలోని పెద్దలు గారు.

"పిల్లలు చూచి ఏవేవో ప్రశ్నలడుగుదురు" అను వాదము ఉపాధ్యాయులనుండియే విన్నాను. అడుగనిండు! ప్రశ్నలడిగించుటయే గదా మన వృత్తి. ప్రత్యుత్పత్తి పాఠమును "ఇంటిదగ్గర చదువుకొనుడు" అని దాటవేయు తరగతిగదులు మనకు తక్కువ లేవు. ఆ పాఠమును దాటవేసిన బడిలోనే గర్భవతి పాటకు సంకోచము పుట్టును. తల్లి కడుపును చూచి సిగ్గుపడుట పిల్లలకు పుట్టుకతో రాదు. మన ముఖములు చూచి నేర్చుకొందురు.

యానామువారికి ఒక పాత జ్ఞాపకము చెప్పి ముగింతును. 1929 నాటి శారదా చట్టము 1930 ఏప్రిలునుండి అమలునకు రాగా, అది చెల్లని ఫ్రెంచివారి సీమ గనుక చుట్టుప్రక్కల జనులు పసిపిల్లలను బండ్లలోను పడవలలోను ఇచ్చటికి తెచ్చి పెండ్లిండ్లు చేసిరి. ఊరికి కల్యాణపురమను పేరు కూడ వచ్చినది. పందిళ్లలో, మేళతాళములతో, నలుగురి ఎదుట ఆడపిల్లలను పీటలమీద కూర్చుండబెట్టి చూచినప్పుడు సిగ్గుపడినవారు కొద్దిమందియే. నేడు ఆ పందిళ్లను తలచి మనము తలవంచుకొందుము. దేనికి సిగ్గుపడవలెనో, దేనికి పడనక్కరలేదో లోకము ఆలస్యముగా తెలిసికొనును, కాని తెలిసికొనును. 1954లో ఈ ఊరు ఫ్రెంచి పాలననుండి బయటపడినది. సిగ్గును గూర్చిన పాతలెక్కలనుండి కూడ బయటపడుట ఇంకను మిగిలియున్నది.

ఆనాడు పాడని ఉపాధ్యాయిని గొంతు ఎట్లుండునో నాకు తెలియదు. ఆమె పాట వినుటకు వచ్చిన పిల్లలకును తెలియదు. రాబోవు వార్షికోత్సవమున మీ బడిలో అట్టి సందర్భము వచ్చినచో, అయ్యా, అమ్మా, మీరు చేయవలసినది పెద్దపని కాదు. "పాడతావా అమ్మా?" అని ఆమెనే అడుగుడు. పాడుదునన్నచో ఒక కుర్చీ వేయించి, ప్రక్కన మంచినీళ్లుంచి, తక్కిన పాటకులకు చేసినట్లే చప్పట్లు చరచుడు.