దశకో గుంపు ప్రాణాలు తీయడం ఆపుదాం

కాలేయంలో గడ్డ ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలంటే ప్రయోగశాలల్లో ఏళ్లుగా ఉన్న పద్ధతి, ఒక్కో దశలో ఒక్కో గుంపు చిట్టెలుకలను చంపి కోసి చూడటం. దశకు ఎనిమిది చొప్పున ఐదు దశలంటే నలభై ప్రాణాలు. అన్ని పోయినా ఏ ఒక్క ఎలుకలోనూ జబ్బు మొదటి నుంచి చివరిదాకా ఎలా నడిచిందో తెలియదు. ఆ ఎనిమిదింటినే బతికి ఉండగా దశల వారీగా స్కాన్ చేస్తే ప్రాణాలు మిగులుతాయి, దేని మార్పును దానితోనే పోల్చవచ్చు కాబట్టి ఫలితమూ గట్టిపడుతుంది.

ఇలా స్కాన్‌తో చూడటానికి ఇంతకాలం అడ్డుపడింది మెత్తని కణజాలమే. కాలేయమూ, అందులోని చిన్న గడ్డా స్కాన్‌లో తరచూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. నానో కణాలు ఈ చిక్కు తీరుస్తాయి. ఐరన్ ఆక్సైడ్ కణాలను ఎలుక తోక సిరలోకి ఎక్కిస్తే కాలేయంలోని కుఫర్ కణాలు వాటిని మింగుతాయి. ఎంఆర్‌ఐలో ఆరోగ్యంగా ఉన్న భాగం నల్లబడుతుంది, కుఫర్ కణాలు లేని గడ్డ తెల్లగా బయటపడుతుంది. ఇదే సూత్రంతో పనిచేసే మందును అమెరికా 1996లో మనుషులకే అనుమతించింది.

ఈ కణాలు విషం కావా అని అడిగేవారి భయం ఉత్తది కాదు. క్వాంటం డాట్‌లు అనే నానో కణాల్లో కాడ్మియం ఉన్నవి ప్రమాదమే. కాలేయంలో, ప్లీహంలో పేరుకునే కణాలు ఫలితాన్నే తారుమారు చేయవచ్చు. అందుకే శరీరం అరాయించుకోగల ఇనుము వంటివీ, మూత్రంలో పోయేంత చిన్నవీ ఎంచుకోవాలి. క్వాంటం డాట్‌లపై 2007లో వచ్చిన పరిశోధన ఆ హద్దును సుమారు 5.5 నానోమీటర్లుగా చూపింది. కణాలు ఎక్కించని మరో ఎనిమిదింటిని పోలికకు పెట్టినా లెక్క పదహారే. మైక్రోస్కోప్ చూపే వివరం స్కాన్ చూపదన్నదీ నిజమే. కాబట్టి చివరి కోత ఉండనివ్వండి, నడుమ దశల చావులే మానండి. స్కాన్ కోసం మత్తు పదే పదే ఇవ్వడమూ బాధే గనుక స్కాన్‌ల సంఖ్యకు ముందే హద్దు పెట్టాలి.

ఇక ఖర్చు. చిన్న జంతువుల ఎంఆర్‌ఐ యంత్రం ప్రతి ప్రయోగశాలా కొనలేదు, కొననక్కర్లేదు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వారి జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. అలాంటి చోట్ల ఉమ్మడి స్కానింగ్ సదుపాయం పెట్టి, చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలకు తక్కువ రుసుముతో అందించాలి.

వీలైన చోటల్లా జంతువులపై ప్రయోగాలు మానాలని 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే చెబుతోంది. దాన్ని ఆచరణలో పెట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘ఈ జంతువులను చంపకుండా స్కాన్‌తో ఎందుకు చూడలేరు?’ అనుమతి కోరే ప్రతి దరఖాస్తులో ఇది తప్పనిసరి కావాలి, జవాబు లేని దరఖాస్తును ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపాలి. పరిశోధకులారా, కమిటీ సభ్యులారా, విద్యార్థులారా! మీ సంస్థలో జరిగే తదుపరి సమావేశంలోనే ఈ ప్రశ్న లేవనెత్తండి.