ఫారంలో ఏడో ప్రశ్న

ఇన్‌స్టాలో రాణి ఫొటో పెట్టిన ప్రతిసారీ నాకు వచ్చే మెసేజ్‌లు రెండు రకాలు. ఒకటి, "ఏ బ్రీడ్?" రెండోది, "షెల్టర్‌లో ఫ్రీగా ఇస్తారట కదా, నాకూ ఒకటి ఇప్పించవా? చిన్న పిల్ల అయితే బాగుంటుంది." మొదటిదానికి జవాబు తేలిక. మన వీధి జాతే. నల్లటి ఒళ్లు, ఛాతీ మీద అరచేయంత తెల్ల మచ్చ, ఒక చెవి ఎప్పుడూ నిలబడి ఉంటుంది, రెండోది మూడ్‌ని బట్టి. రెండో మెసేజ్‌కి జవాబు చాట్‌లో పట్టదు. అందుకే ఈ వారం కాలమ్ దానికే.

ఫ్రీయే. నేను తెచ్చుకున్న చోట కుక్కకి డబ్బు తీసుకోలేదు. ఆపరేషన్, టీకాలు వాళ్లే చేయించి ఇచ్చారు. విరాళం మన ఇష్టం. కాకపోతే కుక్కని చూపించే ముందు ఒక ఫారం చేతిలో పెడతారు. నా బ్యాంకు వాళ్లు కారు లోన్‌కి కూడా నన్ను ఇంతగా అనుమానించలేదు. సొంతిల్లా, అద్దిల్లా? అద్దిల్లయితే ఓనర్ ఒప్పుకున్నట్టు కాగితం ఉందా? ఇంట్లో ఎంతమంది, వాళ్లందరికీ ఇష్టమేనా? రోజుకి ఎన్ని గంటలు కుక్క ఒంటరిగా ఉండాలి? ఇలా పోయి పోయి ఏడో నంబరు దగ్గర ఆగుతుంది: "మీరు ఊరు మారితే, ఉద్యోగం మారితే, పెళ్లయితే ఈ కుక్క ఎక్కడ ఉంటుంది?"

అక్కడ పనిచేసే అక్కని అడిగాను, ఇది నిజంగా అవసరమా అని. "కరిచిందని వెనక్కి తెచ్చేవాళ్లు తక్కువమ్మా. బెంగళూరు ట్రాన్స్‌ఫరు, అమెరికా వీసా, కొత్త కోడలికి ఎలర్జీ... ఇవే ఎక్కువ" అంది. రాణి అలా వెనక్కి వచ్చిందే. తల్లి లారీ కింద పడితే పిల్లగా ఉన్నప్పుడు షెల్టర్‌కి తెచ్చారు. ఒక కుటుంబం తీసుకెళ్లి నాలుగేళ్లు బాగానే పెంచింది. తర్వాత వాళ్లు దేశం వదిలి వెళ్తూ పరుపు, గిన్నె, సగం వాడిన ఫుడ్ ప్యాకెట్‌తో సహా తిరిగి అప్పజెప్పి వెళ్లారు. చాలా రోజులు గేటు దగ్గర నుంచి కదల్లేదట. కారు ఆగిన చప్పుడైతే లేచేది, ఎవరో చూసి మళ్లీ కూర్చునేది.

షెల్టర్ అంటే వీధికుక్కలన్నిటికీ హాస్టల్ అనుకుంటారు చాలామంది. కాదు. 2023లో వచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ ప్రకారం వీధికుక్కని పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ పట్టుకున్న చోటే వదలాలి. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి చివర చిన్న కోత పెడతారు. ("అయ్యో, చెవి ఎవరు కోశారమ్మా?" అని లిఫ్ట్‌లో అడిగే అంకుల్స్‌కి నేను చెప్పేది ఇదే.) హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ పేరు అందరూ వినే ఉంటారు. అది కాక ఊరి అంచుల్లో చిన్న చిన్నవి ఉన్నాయి. నేను వెళ్లిన చిన్నదాంట్లో ఉన్నవి బండి కింద పడి కాలు పోయినవి, జబ్బు చేసినవి, తల్లి లేని పిల్లలు, ఇంట్లోంచి గెంటేసినవి. ఈ ఆఖరి బ్యాచ్‌లో లాబ్రడార్లూ ఉన్నాయి, ఒక హస్కీ కూడా ఉంది. మంచులో బండి లాగే జాతిని మే నెల హైదరాబాద్‌లో మూడో అంతస్తు బాల్కనీలో పెంచుదామనుకున్న మహానుభావులెవరో గానీ, అది మాత్రం కూలర్ ముందు నుంచి లేవడం లేదు.

ఇక "చిన్న పిల్ల అయితే బాగుంటుంది" దగ్గరికి వద్దాం. పిల్లలు ముద్దొస్తాయి, ఒప్పుకుంటా. కానీ ఆ వయసు పిల్లకి రెండు మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్లే మనిషి కావాలి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా పార్వో భయం. ఆ జబ్బు వస్తే వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. పొద్దున తొమ్మిదికి క్యాబ్ ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగే మనలాంటి వాళ్లకి రెండేళ్లు దాటిన కుక్కే మేలు. ఎంత ఎత్తు పెరుగుతుందో, పిల్లలంటే ఎలా ఉంటుందో, మొరుగుతుందో లేదో ముందే తెలుస్తుంది. అయినా షెల్టర్‌కి వచ్చేవాళ్లు నేరుగా పిల్లల దగ్గరికే నడుస్తారు. రాణిలాంటి పెద్దవి, అందులోనూ నల్లవి, ఫొటోలో సరిగా పడవు కాబట్టి పోస్టుల్లో కూడా వెనకబడిపోతాయి అని అక్క చెప్పింది. కాలభైరవుడి గుళ్లో నల్ల కుక్కకి దండం పెట్టే ఊళ్లో ఇదొక వింత.

తెచ్చిన మొదటి మూడు రోజులు రాణి షూ ర్యాక్ కింద ఉంది. తిండి ముట్టలేదు. నీళ్లు మాత్రం నేను నిద్రపోయాక తాగేది, పొద్దున గిన్నె చూస్తే తెలిసేది. షెల్టర్ల వాళ్లు ఒక లెక్క చెప్తారు: భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. ఇది సైన్సేం కాదు, అనుభవం మీద చెప్పే మాట. రాణి విషయంలో మూడు వారాలు ఆరు వారాలైంది. చీపురు తీస్తే వణికేది, ఇప్పటికీ పనమ్మాయి ఊడ్చేటప్పుడు బాత్రూమ్‌లోకి వెళ్లిపోతుంది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం సూట్‌కేస్. సంక్రాంతికి ఊరెళ్దామని అటక మీంచి దించానో లేదో, వెళ్లి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. అరవలేదు, కరవలేదు. ఊరికే పడుకుంది. ఇప్పుడు బట్టలు కాలేజీ నాటి బ్యాక్‌ప్యాక్‌లోనే సర్దుతున్నా.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. తిండి, పిడుదుల మందు, ఏడాది టీకాలు కలిపి నెలకి సగటున నాలుగు వేలు. టిక్ ఫీవర్ వచ్చిన నెల పదకొండు వేలు దాటింది. మనం తినేదే పెడితే పోలా అంటారు గానీ, మన కూరల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి లేనిది ఏదుంది? రెండూ కుక్కలకి పడవు. చాక్లెట్, ద్రాక్ష కూడా విషమే. ద్రాక్ష అంటే పరమాన్నంలో కిస్‌మిస్ కూడా. చికెన్ ఉడికించి అన్నంలో కలిపితే చాలు, కారం ఉప్పు అక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ గొడవ గురించి అందరూ అడుగుతారు. మా అసోసియేషన్ గ్రూపులో "పెట్స్ నాట్ అలౌడ్" అని మెసేజ్ పడిన రోజే ఒక ఫ్రెండ్ నాకు యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015 ఫిబ్రవరి సర్క్యులర్ పంపింది. మెజారిటీ ఒప్పుకుని తీర్మానం చేసినా సరే, అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని అందులో ఉంది. (అద్దె అగ్రిమెంటులో ఓనర్ పెట్టుకున్న షరతు వేరే సంగతి. అది ముందే చదువుకోండి.) సెక్రెటరీ అంకుల్‌కి అది ఫార్వర్డ్ చేస్తే మెసేజ్ డిలీట్ అయింది. కానీ నాలుగో అంతస్తు ఆంటీకి నేను సర్క్యులర్ పంపలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేసిన వీడియో ఆవిడ చూశారు. వాళ్ల బాబుకీ అదే వయసు. రాణి ఎంత సాధువో ఆవిడకి అనవసరం, ఆ భయం వట్టిది కాదు. అందుకని స్కూలు బస్సు వచ్చే అరగంట మేం కిందికి దిగం, లిఫ్ట్‌లో బాబు ఉంటే మెట్లెక్కుతాం, బెల్టు లేకుండా గుమ్మం దాటం. ఏడాది తర్వాత కూడా ఆవిడ రాణిని ముట్టుకోలేదు. ముట్టుకోవాలని రూలేం లేదు. "ఈ రోజు బస్సు లేటు, పదిహేను నిమిషాలాగి దిగమ్మా" అని మెసేజ్ మాత్రం పెడతారు.

ఇంట్లోవాళ్ల సంగతి దీనికన్నా కష్టం. తెనాలిలో అమ్మకి కుక్క అంటే గడప బయట అన్నం ముద్ద పెట్టేది. లోపల సోఫా పక్కన పడుకునేది కాదు. "పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ఏమనుకుంటారే" అన్నది ఆవిడ మొదటి మాట. నాన్న బయోడేటాలో రాణి ప్రస్తావన వద్దన్నారు. నేను ముందే చెప్పాలన్నాను. చెప్పాం. ఒక సంబంధం అక్కడే ఆగిపోయింది. ఇంకో అబ్బాయి, "పెళ్లయ్యాక షెల్టర్‌కి ఇచ్చేద్దాంలే, వాళ్లు చూసుకుంటారు కదా" అన్నాడు. చాలా మామూలుగా, పాత ఫ్రిజ్ ఎక్స్ఛేంజ్ గురించి మాట్లాడినట్టు. మంచి ప్యాకేజీ, మంచి కుటుంబం, అమ్మకి ఇప్పటికీ బాధే.

2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల కేసు మీరూ ఫాలో అయ్యే ఉంటారు. 11న వాటన్నిటినీ షెల్టర్లకి తరలించమన్న సుప్రీంకోర్టు, 22న ఆ ఆర్డర్‌ని మార్చింది. రేబిస్ ఉన్నవి, మీద పడేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక వాటి చోట్లోనే వదలమంది. నేను చూసిన రీల్స్‌లో ఎక్కడా కనబడని ఒక సంగతి ఆ ఆర్డర్‌లో ఉంది. వీధికుక్కని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి అప్లై చేసుకోవచ్చు. కానీ ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత వాళ్లదే. మా షెల్టర్ ఏడో ప్రశ్నే ఇది, కోర్టు భాషలో.

ఇప్పుడు ఆ ప్రశ్న నా వంతు. మా కంపెనీ నన్ను రెండేళ్లకి జర్మనీ పంపుతానంటోంది. నాలుగేళ్లుగా నేను అడుగుతున్న ప్రాజెక్ట్. ఎనిమిది వారాల్లో అక్కడ ఉండాలి. ఫారంలో నేను రాసింది నా ఫ్లాట్‌మేట్ పేరు. తను ఈ మార్చిలో పెళ్లి చేసుకుని పుణె వెళ్లిపోయింది, వాళ్ల అత్తగారికి ఆస్తమా. అమ్మే ఫోన్ చేసి, "ఇక్కడ వదిలెయ్, వరండాలో ఉంటుంది, నేను పెడతాలే" అంది. అమ్మ నోట ఆ మాట వచ్చిందంటే చిన్న విషయం కాదు. కానీ తెనాలి ఇంటి గేటు రోజులో సగం తీసే ఉంటుంది, నాన్నకి మోకాళ్ల నొప్పి, రాణి ఆ గేటు దగ్గర ఏం చేస్తుందో నాకు తెలుసు.

తీసుకెళ్లొచ్చు. టికెట్ కొని ఎక్కించేయడం కాదు గానీ, దారి ఉంది. ముందు మైక్రోచిప్ వేయాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ లేనప్పుడు వేసిన టీకాలు, ఎన్నున్నా సరే, లెక్కలోకి రావు. టీకా వేసి కనీసం 30 రోజులయ్యాక రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌కి పంపాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ ఉండాలి. రిజల్ట్ బాగున్నా, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి, ఎందుకంటే వాళ్ల మినహాయింపు దేశాల లిస్టులో ఇండియా లేదు. చివర్లో మన యానిమల్ క్వారంటైన్ వాళ్ల సర్టిఫికెట్. మొత్తం కలిపితే నాలుగు నెలలకి తక్కువ కాదు. కంపెనీ నాకిచ్చింది రెండు.

కాబట్టి "నాకూ ఒకటి ఇప్పించవా" అన్న మీ అందరికీ: పీజీలో ఉన్నా, ఏడాదిలో ఎంఎస్‌కి వెళ్లే ప్లాన్ ఉన్నా, ఇప్పుడు తీసుకోకండి. ఫోస్టర్ చేయండి. ఆపరేషన్ అయిన కుక్కని కోలుకునేదాకా రెండు వారాలు ఇంట్లో పెట్టుకునేవాళ్ల కోసం షెల్టర్లు వెతుకుతూనే ఉంటాయి. అది కూడా కుదరకపోతే ఆదివారం వెళ్లి నాలుగు కుక్కల్ని నడిపించి రండి. అవి బెల్టు చూడగానే ఎగిరే ఎగురు చూస్తే సోమవారం స్టాండప్ కాస్త తేలిగ్గా గడుస్తుంది.

నేను మేనేజర్‌ని రెండు నెలలు అదనంగా అడిగాను. కారణం కూడా దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "కుక్క కోసమా?" అన్నాడు, తర్వాత "క్లయింట్‌ని అడుగుతా" అన్నాడు. నా బదులు వెళ్లడానికి టీమ్‌లో ఇంకొకతను రెడీగా ఉన్నాడని నాకు తెలుసు. శుక్రవారానికి తేలుతుంది. ఈలోపు శనివారమే రాణికి చిప్ వేయించాను, 15 అంకెల నంబరు, మెడ దగ్గర చర్మం కింద. టీకా కూడా అదే రోజు అయిపోయింది. 30 రోజులు దాటాక రక్తం తీసే తేదీని ఆఫీసు క్యాలెండర్లో బ్లాక్ చేశాను. ఆ రోజు స్ప్రింట్ ప్లానింగ్ ఉంది. వేరేవాళ్లు చూసుకుంటారు.