భాష రాకపోతేనేం, బొమ్మ అర్థం కాదా?

"గురువుగారూ, ఒక్కడినే ఫారిన్ వెళ్ళి నాలుగు రోజులు తిరిగి రావాలనుంది. కానీ అక్కడి భాష రాదు. ఇంగ్లీషేమో అంతంతమాత్రం. వెళ్ళొచ్చంటారా?"

ఈ మధ్య నన్నిలా అడిగే కుర్రాళ్ళూ, అమ్మాయిలూ ఎక్కువయ్యారు. ప్రశ్నలో మొదటి సగం కంటే రెండో సగమే నాకు గుచ్చుకుంటుంది. జేబులో డబ్బు లేదని చెప్పడానికి మనవాళ్ళు సిగ్గుపడరు. ఇంగ్లీషు సరిగా రాదని చెప్పడానికి మాత్రం తల దించేసుకుంటారు! పాస్‌పోర్టు చేతిలో ఉండి కూడా ఆ ఒక్క సిగ్గుతో ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు.

వాళ్ళందరికీ నా ఎదురు ప్రశ్న ఒక్కటే. బ్రూస్ లీ 'ఎంటర్ ది డ్రాగన్' (1973) మన హాళ్ళలో ఆడినప్పుడు ఈలలు వేసిన నేలక్లాసు జనంలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళెందరు? అంతెందుకు, 1998లో రజనీకాంత్ 'ముత్తు'కి టోక్యోలో బ్రహ్మరథం పట్టారే, వాళ్ళలో తమిళం తెలిసినవాళ్ళెందరు? తెర కింద అక్షరాలుంటాయి, నిజమే. కానీ ఈల వెయ్యడానికి అక్షరాలెందుకండీ!

అంచేత ఈ వారం టోక్యో సంగతే చెబుతాను. నేను ఒంటరిగా తిరిగిన ఊరు. పైగా అక్కడ ఇంగ్లీషు దంచేసేవాడికీ పెద్ద లాభం లేదు. దొరలూ, మనమూ... అందరిదీ నేల టికెట్టే!

ముందు రైళ్ళు. టోక్యోలో లైనుకో రంగు, ఓ అక్షరం ఉంటాయి. స్టేషనుకో నెంబరు ఉంటుంది. గింజా లైనులో గింజా స్టేషను జి-09, అసకుసా జి-19. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, తొమ్మిది నుంచి పంతొమ్మిదికి పది స్టేషన్లని వేళ్ళు లెక్కపెట్టుకుంటే చాలు. ఇక ఆకుపచ్చ రంగు యమనోతే లైనైతే కొత్తవాళ్ళకి కొంగుబంగారమే. 30 స్టేషన్లు, ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే దారి, ఓ చుట్టుకి సుమారు గంట. నిద్రపట్టి దిగాల్సినచోట దిగలేదనుకోండి, అవతలి ప్లాట్‌ఫారం మీద వెనక్కి వెళ్ళే రైలెక్కొచ్చు. లేదా అలాగే కూర్చుంటే మళ్ళీ అక్కడికే వస్తుంది!

సూయికా అనో, పాస్మో అనో ఒక కార్డు తీసుకుంటే టికెట్టు గొడవే లేదు. గేటు దగ్గర తాకిస్తే తలుపు తెరుచుకుంటుంది. చిన్న చిన్న దుకాణాల్లో మంచినీళ్ళ సీసాకీ అదే పనిచేస్తుంది.

అసలు చిక్కు రైలెక్కడంలో లేదు, స్టేషనులోంచి బయటపడటంలో ఉంది. షింజుకు స్టేషనుకి 200కి పైగా దారులు. ఏ గుమ్మంలోంచి బయటికి రావాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. తూర్పు గుమ్మంలోంచి వచ్చి కబుకిచో వైపు నాలుగడుగులు వేస్తే, 2015లో సినిమా హాలున్న భవనం మీద పెట్టిన గాడ్జిల్లా తల కనిపిస్తుంది. దారి తప్పినవాడికి అంతకంటే మంచి కొండగుర్తు ఏముంటుంది చెప్పండి!

ఇంకో విచిత్రం. అక్కడ చాలా వీధులకి పేర్లే ఉండవు. పేట, అందులో భాగం, ఆ భాగంలో ఇళ్ళ గుంపు, ఇంటి నెంబరు... ఇదీ అడ్రసు. అంచేత ఆ ఊరివాళ్ళు కూడా దారి అడుగుతారు. ఎక్కడా? 'కోబన్' అనే చిన్న పోలీసు గదిలో. నేను హోటలు పేరు జపానీ అక్షరాల్లో ఉన్న కార్డు చూపిస్తే, అక్కడి కుర్ర పోలీసు మ్యాపు పరిచి, పెన్సిలుతో గీత గీసి, రెండు సిగ్నళ్ళని రెండు వేళ్ళు చూపించి, ఎడమ చెయ్యి పక్కకి తిప్పాడు. మా ఇద్దరి మధ్యా అర్థమైన మాట ఒక్కటీ లేదు. హోటలు మాత్రం దొరికింది!

అన్నట్టు, ఈ బొమ్మల భాషకి టోక్యోయే పెద్ద బడి. 1964 ఒలింపిక్స్‌కి ప్రపంచం నలుమూలలనుంచీ జనం వస్తారు, ఎవరి భాషలో బోర్డులు రాయాలి అన్న ప్రశ్న వచ్చింది. అక్షరాలు పక్కనపెట్టి ఆటలకీ, మరుగుదొడ్డికీ, టెలిఫోనుకీ బొమ్మలు గీశారు. ఇవాళ ప్రపంచమంతటా విమానాశ్రయాల్లో మనల్ని నడిపించే బొమ్మల్లో ఆ ఒరవడి ఉంది. అంటే భాష రానివాళ్ళ కోసం దారి వేసిన ఊరది. అక్కడికి భయపడుతూ వెళ్ళడమేమిటి?

ఇప్పుడొక రహస్యం చెబుతాను, ఎవరికీ చెప్పకండి... తెలుగువాడికి అక్కడ ఇంగ్లీషువాడికి లేని సౌకర్యం ఒకటుంది. మనం బస్ అనం, 'బస్సు' అంటాం. వాళ్ళూ 'బసు' అనే అంటారు! హోటల్ వాళ్ళ నోట 'హోతెరు', టాక్సీ 'తకుషీ', టాయిలెట్ 'తోయిరె'. మాట చివర అచ్చు తగిలించే అలవాటు మనదీ, వాళ్ళదీ. కర్త, కర్మ, క్రియ వరస కూడా మనలాగే. ఇలా పైనుంచి వచ్చిన మాటలు రాసే లిపిని కతకనా అంటారు. మూల అక్షరాలు 46. వాటి వరస 'అ, ఇ, ఉ, ఎ, ఒ' అని మొదలవుతుంది, తర్వాత 'క' వరస. మన గుణింతంలాగా లేదూ? రెండు వారాలు కూర్చుంటే వచ్చేస్తుంది. వచ్చాక హోటల్లో మెనూ మీద సగం మాటలు మీతో మాట్లాడతాయి.

తిండి విషయం. చాలా హోటళ్ళ అద్దాల్లో అచ్చం నిజంలా ఉండే ప్లాస్టిక్ వంటకాలు పెడతారు, వేలు చూపిస్తే సరి. కానీ శాకాహారులు జాగ్రత్త సుమా! కూరగాయల పులుసే అనుకున్నదాంట్లో కూడా ఎండు చేపతో కాచిన 'దషి' నీళ్ళుంటాయి, కంటికి కనపడవు. ఇక్కడ సైగలు పనిచెయ్యవు. మాంసం, చేప, దషి వద్దని, పడని వస్తువులుంటే వాటి పేర్లతో సహా జపానీలో రాయించిన కాగితం జేబులో ఉండాలి. ఫోను తర్జుమా చేస్తుంది కదా అంటారా? చేస్తుంది, ఛార్జింగు ఉన్నంతసేపు!

మరికొన్ని హెచ్చరికలు. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి, అది చట్టం. అర్ధరాత్రి దాటి కాసేపటికి రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ తెల్లవారుజామునే. టాక్సీ బిల్లు చూస్తే నిద్ర మత్తు వదులుతుంది. పోలీసుకి 110, అంబులెన్సుకి 119. మన జలుబు మాత్రల్లో కొన్నింటికి అక్కడ నిషేధం ఉంది, పెట్టె సర్దేముందే చూసుకోండి.

సినిమా పిచ్చోళ్ళకి రెండు మాటలు చాలు. 'జిమకు' అంటే తెర కింద అక్షరాలు, 'ఫుకికయె' అంటే డబ్బింగు. టికెట్టు కొనేముందు ఇది చూసుకోవాలి. తీరిక ఉంటే షిబమతా వెళ్ళండి. ఉయెనో నుంచి కేసే రైల్లో తకసగో దాకా, అక్కడ మారితే మరుసటి స్టేషనే. 1969 నుంచి 1995 దాకా 48 సినిమాల్లో కియోషి అత్సుమి వేసిన దేశదిమ్మరి టోరా-సాన్ పేట అది. స్టేషను ముందే ఆయన విగ్రహం, చేతిలో పెట్టెతో!

చివరగా ఒక్క మాట. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన మన 'ఆర్ఆర్ఆర్' ఆ ఏడాదే 'ముత్తు' రికార్డు దాటేసింది. 2024లో అంతా ఆడవాళ్ళే నటించే తకరజుకా బృందం దాన్ని రంగస్థలానికెక్కించింది. తెలుగు రానందుకు అక్కడి ప్రేక్షకులు సిగ్గుపడి ఇంట్లో కూర్చోలేదు. జపానీ రానందుకు మీరెందుకు కూర్చోవాలి?

ధైర్యం చాలకపోతే చిన్న రిహార్సలు చెయ్యండి. తమిళం రాకుండా మదురైలోనో, బెంగాలీ రాకుండా కలకత్తాలోనో ఒక్క రోజు ఒంటరిగా తిరిగి రండి, ఇంగ్లీషు ముక్క వాడకుండా. ఆ సాయంత్రానికి మీకే తెలుస్తుంది, టోక్యో ఎంత దూరమో!