మాత్ర తప్పితే

గేయంలో మాత్ర తప్పితే మా క్లాసులో పిల్లలు కూడా ఇట్టే పట్టుకుంటారు. ఇంట్లో మాత్ర తప్పితే పట్టుకోవటానికి మాకు రెండేళ్ళు పట్టింది.

దసరా సెలవులకు తెనాలి వెళ్ళాను. తలుపు తీసిన మా అక్కయ్యను ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. మొహం ఉబ్బి ఉంది. గొంతు బొంగురుపోయింది. ఆ ఉక్కపోతలో శాలువా కప్పుకుంది! ఆషాఢంలో స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న సంగతి తెలుసు. పిండికట్టు విప్పేశారు కూడాను. మరి ఇదేమిటి?

"థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావా అక్కయ్యా?" అన్నాను.

"చెయ్యి విరిగినప్పుడే మానేశాన్రా. ఆ మాత్రే ఎముకల్ని గుల్ల చేస్తుందట. పక్కింటి పిన్నిగారు చెప్పేదాకా నాకూ తెలియదు" అంది.

ఛందస్సు చెప్పుకుని బతికేవాణ్ణి, ఎముకల సంగతి నాకేం తెలుసు? మర్నాడే డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయాను. పిన్నిగారి మాట విని ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "పాత రక్తపరీక్ష కాగితాలున్నాయా?" అన్నారు. సంచీలో దొరికింది రెండేళ్ళ నాటిది ఒక్కటే. టీ.ఎస్.హెచ్. 0.05 అని ఉంది.

ఈ టీ.ఎస్.హెచ్. ఏమిటంటారా? మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చేతిలో ములుకోల అనుకోండి. థైరాయిడ్ మందగిస్తే దానితో పొడుస్తుంది, అంకె పెరుగుతుంది. రక్తంలో థైరాక్సిన్ ఎక్కువైతే ములుకోల పక్కన పెట్టేస్తుంది, అంకె పడిపోతుంది. మామూలుగా సుమారు 0.4 నుంచి 4 దాకా ఉండాలి. మూడేళ్ళ క్రితం బావగారు పోయాక అక్కయ్య బాగా చిక్కిపోయింది. మనిషి తగ్గినా మాత్ర మాత్రం పాతదే. అంటే అన్నాళ్ళూ ఆమె ఒంటికి మందు ఎక్కువవుతోందన్న మాట. ఆ కాగితం లాబునుంచి తెచ్చి, చదవకుండా బీరువాలో పెట్టిన ఘనుణ్ణి నేనే.

ఎముకను మనం రాయి అనుకుంటాం గాని, అది ఎప్పుడూ మరమ్మతులో ఉండే ఇల్లు. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వుతుంటాయి, మరికొన్ని ఆ గుంటను పూడుస్తుంటాయి. ఒకచోట తవ్వి పూడ్చటానికి సుమారు 200 రోజులు పడుతుంది. ఆ పనికి లయ చెప్పేది థైరాయిడ్. హార్మోను ఎక్కువైతే పని తొందరపడుతుంది. తవ్వేవాళ్ళ వేగం పూడ్చేవాళ్ళకు ఉండదు. ముట్లుడిగిన ఆడవాళ్ళకు ఎముక బలం అసలే తగ్గుతూ ఉంటుంది కనుక ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. తక్కువైతేనో, ఆ పని 700 రోజుల దాకా సాగుతుంది. కొలిచి చూస్తే ఎముక దిట్టంగానే కనిపించవచ్చు. కాని అది సన్నటి బీటలు పూడని పాత గోడ. పైగా కండల్లో సత్తువ తగ్గి మనిషి తూలిపడే భయం ఒకటి. ఎదిగే పిల్లల్లో ఈ లోపం వస్తే ఎత్తు ఆగిపోతుంది.

చిత్రమేమిటంటే, 1891లోనే ఈ రెండు కొసలూ వైద్యుల కంటబడ్డాయి. ఇంగ్లండులో జార్జి ముర్రే అనే ఆయన గొర్రె థైరాయిడ్ రసం సూదిమందుగా ఇచ్చి, థైరాయిడ్ చచ్చుపడిన ఒకావిడను నిలబెట్టాడు. ఆమె మరో 28 ఏళ్ళు బతికింది. అదే ఏట జర్మన్ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్, థైరాయిడ్ విజృంభించి పోయిన ఒక స్త్రీ ఎముకలు పురుగు తొలిచినట్టున్నాయని రాశాడు.

అంచేత పిన్నిగారు చెప్పింది సగం నిజమే. ఎముకను తినేది మాత్ర కాదు, మోతాదు మించిన మాత్ర. అక్కయ్య ఆ భయంతో రెండో గోతిలో పడింది.

డాక్టరుగారు మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. చెయ్యి విరిగాక ఇచ్చిన కాల్షియం బిళ్ళను దీనితో కలిపి మింగవద్దన్నారు. కాల్షియం, ఇనుము బిళ్ళలు థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసుకుంటాయట. నాలుగు గంటలు ఎడం ఉండాలి.

ఇప్పుడు అక్కయ్య తెల్లవారుజామునే మంచినీళ్ళతో మాత్ర వేసుకుంటోంది. గంటదాకా కాఫీ లేదు. ఆవిడకు అన్నిటికన్నా కష్టం అదే! కాల్షియం రాత్రి భోజనమయ్యాకే. ఎనిమిది వారాలకు మళ్ళీ రక్తం పరీక్ష చేయించాం. ఈసారి కాగితాన్ని బీరువా దాకా పోనివ్వలేదు. 2.1 వచ్చింది. అక్కయ్య అది పట్టుకెళ్ళి పక్కింట్లో చూపించిందట. పిన్నిగారు తన కాగితాలు వెతుక్కుంటున్నారట.