పైపూతే కదా అనుకోవద్దు

తాబేలుకు మందు పట్టించడం కష్టం. తల లోపలికి లాక్కుందంటే నోరు తెరిపించలేం. పాముకు రోజూ సూది వేయడమూ ఇబ్బందే. అందుకే చర్మానికి పూసే మందు, అతికించే పట్టీ సులువుగా, సురక్షితంగా కనిపిస్తాయి. సులువు కావచ్చు గానీ, సురక్షితం అనుకోవడం పొరపాటు.

సరీసృపాల చర్మం కప్ప చర్మంలాంటిది కాదు. పొలుసుల్లోని కెరటిన్, దానితో ఉండే కొవ్వు పదార్థాల పొర కలిసి ఒంట్లోని నీరు బయటకు పోకుండా కాపాడతాయి. నీటిలో కరిగే మందులు ఈ గోడను దాటడం కష్టం. కొవ్వులో కరిగే చిన్న అణువులు దాటగలవు. నొప్పి తగ్గించే ఫెంటానిల్ పట్టీని బాల్ పైథాన్‌లపై పరీక్షించినప్పుడు మందు రక్తంలోకి చేరింది, శ్వాస నెమ్మదించింది. కానీ వేడికి అవి స్పందించే తీరు మారలేదు. అంటే, మందు లోపలికి చేరడం వేరు, పనిచేయడం వేరు.

పైగా సరీసృపాల శరీర ఉష్ణోగ్రత పరిసరాలను బట్టి మారుతుంది. మందు ఒంట్లో విరిగి బయటకు పోయే వేగమూ దానితోపాటే మారుతుంది. మేకకు వాడే మోతాదును బరువు లెక్కన తగ్గిస్తే సరిపోదు.

ఛత్తీస్‌గఢ్‌లో, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లోని భోపాల్‌పట్నం ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. ఇలాంటి పశుపోషణ ప్రాంతాల్లో పిడుదుల మందు దొరకడం తేలిక, సరీసృపాల వైద్యం తెలిసినవారు దొరకడం కష్టం. ప్రమాదం అక్కడే ఉంది. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్‌ తాబేళ్లలో పక్షవాతం, మరణం కలిగించగలదని 1983లోనే పరిశోధకులు హెచ్చరించారు. పాములపై నల్లుల్లాంటి పురుగులకు పశువైద్యులు జాగ్రత్తగా వాడిన మందే తాబేలుకు విషం. ఒక సరీసృపానికి సరిపడింది ఇంకోదానికి సరిపడుతుందని అనుకోకూడదు.

నక్షత్ర తాబేలు, ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని ఇంట్లో పెంచడమే నేరం. గాయపడినవి కనిపిస్తే మందు పూయకుండా అటవీ శాఖకు అప్పగించాలి. చట్టబద్ధంగా పెంచుకునే విదేశీ జాతులకైనా, బరువు, జాతి, ఉంచిన చోటి వేడి చూసి పశువైద్యుడు చెప్పిన మందే వాడాలి.

జాగ్రత్త చెప్పే భారం పెంచేవారిపైనే వేయకూడదు. పశువుల మందు సీసాలపై తాబేళ్లకు వాడరాదన్న హెచ్చరిక స్థానిక భాషల్లో, బొమ్మతో సహా ఉండాలి. పశువైద్య విద్యలో సరీసృపాలకు తగిన చోటు దక్కాలి. నొప్పి వచ్చినా అరవలేని ప్రాణికి మందు తప్పుగా పడితే ఆ సంగతి మనకు తెలిసేసరికే ఆలస్యమైపోవచ్చు.