శాటిలైట్ సెట్టుకు తాళం ఎందుకు?

ఎడారి సైట్లకు పోయేవాళ్లు, వాళ్లను పంపే సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు ఇది తప్పక చదవాలి.

మొబైల్ టవర్ అందని చోటికి పోతే కంపెనీ శాటిలైట్ ఫోనో, ఇన్‌రీచ్ లాంటి మెసేజ్ సెట్టో ఇస్తది. చాలా సైట్లలో అది ఎక్కడుంటది? సూపర్‌వైజర్ క్యాబిన్‌లో, డ్రాయర్‌లో, తాళం వేసి. అవసరం పడ్డనాడు తీసి, బండిలోనే కూసోని రెండు నిమిషాలు చూసి "సిగ్నల్ లేదు, సెట్టు ఖరాబైంది" అంటరు. నేనూ సూపర్‌వైజర్‌నే, అందుకే గట్టిగా చెప్తున్న: చాలాసార్లు సెట్టు మంచిగనే ఉంటది, వాడే పద్ధతే తప్పు.

ఈ సెట్టుకు ఆకాశం కనబడాలి. రేకుల కప్పు, బండి టాపు, కాంక్రీటు, జేబులో పెడితే మన ఒళ్లు కూడా సిగ్నల్‌ను ఆపుతయి. బయటికి వచ్చి, గోడలకు, క్రేన్లకు దూరంగా నిలబడి, యాంటెనాను ఆకాశం దిక్కు నిలువుగా పట్టాలి. ఇన్‌రీచ్ ఇరిడియం ఉపగ్రహాల మీద నడుస్తది. అవి 66, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతనే ఉంటయి. ఒకటి పోతే ఇంకోటి వస్తది. మెసేజ్ పోవడానికి నిమిషాలు పట్టొచ్చు, ఓపిక పట్టాలి. తురాయా ఉపగ్రహం ఆకాశంలో ఒక్కచోటనే ఉంటది, గల్ఫ్ నుంచి దక్షిణం దిక్కు. ఆ దిక్కు బిల్డింగో, ఇసుక దిబ్బో అడ్డముంటే పక్కకు జరగాలి.

"లేబర్ చేతికిస్తే ఆడుకుంటరు, బిల్లు అయితది" అంటరు కొందరు. మంటలు ఆర్పే సిలిండర్‌ను అల్మారాలో పెట్టి తాళం వేస్తమా? 2024 ఆగస్టులో సౌదీ రబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పి మన కరీంనగర్ యువకుడు, తోడున్న సూడాన్ సహోద్యోగి దాహంతో ప్రాణాలు విడిచిన్రు. జీపీఎస్ పనిచేయలేదని, ఫోన్ చార్జింగ్, పెట్రోలు రెండూ అయిపోయినయని పత్రికల్లో చదివినం. అది చదివినంక కూడా తాళం తీయకుంటే ఎట్ల?

తమ్ములారా, అడగడానికి భయపడొద్దు. బండి కదిలేముందు మూడు మాటలు అడగండి: సెట్టు బండిలో ఉందా? చార్జింగ్ నిండుగా ఉందా? ప్లాన్ నడుస్తున్నదా? ప్లాన్ ఆగిపోతే ఇన్‌రీచ్‌లో ఎస్‌వోఎస్ నొక్కినా లాభం లేదు. వారానికోసారి టూల్‌బాక్స్ మీటింగ్‌లో టెస్ట్ మెసేజ్ పంపాలి. డ్రైవర్‌తో పాటు హెల్పర్ కూడా సొంత చేత్తో పంపాలి. ఇంగ్లిష్ రానోళ్లకు మన భాషలో చెప్పాలి. దారి తప్పితే బండి విడిచి నడవొద్దు. సెట్టు బండి టాపు మీద పెట్టి అక్కడనే ఆగాలి.

ఇంకో మాట. సెలవుకు ఇంటికి పోయేటప్పుడు ఈ సెట్టు బ్యాగులో పెట్టుకోవద్దు. ఇండియాలో అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే కేసు అయితది.

సూపర్‌వైజర్ సోదరులారా, సెట్టు మన క్యాబిన్‌కు అలంకారం కాదు. రేపు పొద్దున బండితోనే పంపండి. అందరికీ ఫార్వర్డ్ చేయండి.