మూడు నెలల బడి

వయసు మళ్ళినవారికి ధార్మిక విద్య నేర్పాలంటే ముందు వారి తీరిక ఎప్పుడో అడిగి తెలుసుకోవాలి. మనకు వీలైన వేళకు రమ్మని పిలిచి, రాలేదని నిందించడం న్యాయం కాదు. ఈ విషయంలో ఒక క్రైస్తవ గురువు చరిత్ర మనం తెలుసుకోదగ్గది. మంచి ఎక్కడున్నా గ్రహించవలసిందే కదా!

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, లాండౌరర్ అనే ఊరి చర్చికి గ్రిఫిత్ జోన్స్ 1716లో గురువయ్యారు. ఆరాధనకు వచ్చే రైతులు, కూలీలు ఏళ్ళ తరబడి ప్రసంగాలు విన్నవారే. అయినా విశ్వాసం గురించి చిన్న ప్రశ్న వేస్తే చాలామంది జవాబు చెప్పలేకపోయేవారు. చదువు రానివారికి ప్రసంగం ఒక్కటే చాలదని గ్రహించి, ఆయన 1730లలో సంచార బడులు నెలకొల్పారు. బడి ఒక ఊళ్ళో సుమారు మూడు నెలలు నడిచేది. తరువాత ఉపాధ్యాయుడు మరో ఊరికి వెళ్ళేవాడు. పొలం పనులు తక్కువగా ఉండే చలికాలంలోనే ఎక్కువగా నడిపేవారు. పగలు రాలేనివారికి రాత్రి పాఠం ఉండేది. ఫీజు లేదు. రాత, లెక్కలు కూడా లేవు. బైబిల్, మత ప్రశ్నోత్తరాల పుస్తకం చదవగలిగితే చాలు.

అన్నిటికంటే ముఖ్యం భాష. పేదలకు ఇంగ్లీషులోనే నేర్పాలనేవారు ఆనాడు తక్కువేమీ కాదు. జోన్స్ మాత్రం వారి మాతృభాష వెల్ష్‌లోనే నేర్పించారు. దాని లిపి దాదాపు పలికినట్లే ఉంటుంది కనుక మూడు నెలలు సరిపోయాయి. నేను ఉర్దూలో చదువుకున్నవాణ్ణి, ఉర్దూ అంటే ప్రాణం. అయినా తెలుగు తప్ప మరో లిపి రాని నడివయసు మనిషితో "ముందు ఉర్దూ నేర్చుకో, తరువాత దీన్ సంగతి" అంటే అతను మర్నాడు వస్తాడా?

చాలా బడుల్లో మూడింట రెండు వంతులు పెద్దవారేనని జోన్స్ రాశారు. అరవై దాటినవారు వచ్చి, ఈ అవకాశం నలభై ఏళ్ళ క్రితమే దొరికి ఉంటే అని బాధపడేవారట. 1761లో ఆయన మరణించేనాటికి మూడు వేలకు పైగా బడులు నడిచాయి, లక్షన్నర మందికి పైగా చదివారు.

అరకొర చదువు ప్రమాదమని అభ్యంతరం చెప్పేవారు మనలోనూ ఉన్నారు. నేనలా అనుకోను. గ్రంథం తానే తెరవగలిగినవాడు పొరపాటును ఎప్పుడైనా సరిదిద్దుకోగలడు. విని మాత్రమే నేర్చినవాడికి చెప్పినవాడే దిక్కు.

లోపం మరోచోట ఉంది. జోన్స్ తరువాత బ్రిడ్జెట్ బెవాన్ అనే సంపన్న మహిళ ఈ బడులను నడిపించారు. 1779లో ఆమె మరణించి, ఆస్తిని వాటికే రాసి ఇస్తే, బంధువులు కోర్టుకెక్కారు. సొమ్ము విడుదలయ్యేసరికి 1800 దాటిపోయింది. ఊళ్ళవారు తలా కొంత వేసుకునే ఏర్పాటు అప్పటికి లేదు. బడులు మూతపడ్డాయి.